పత్తర్‌గట్టిలో రెండో పెట్టె

ఇది పాతబస్తీ నడిబొడ్డున జరిగిన నిధి వేట కథ. ఒక పెద్దాయన ఏళ్ళ తరబడి కాపాడుకున్న రహస్య స్థలం, దాన్ని వెతుక్కుంటూ ఎండలో తిరిగిన మనుషులు, ఒక ద్రోహం, అంతా కళ్ళారా చూసి కూడా ఇచ్చిన మాట కోసం నెలల పాటు నోరు విప్పని సాక్షి. రాస్తే పది సంపుటాలవుతుంది.

రాయను. ఎందుకంటే ఆ నిధి వేలెడు కాగితం చుట్ట. ద్రోహిని నేనే. నా ఆయుధం మా నాయనమ్మ షుగర్ మాత్రల ఖాళీ డబ్బా. దీన్ని ఇతిహాసం అంటే ముందు నాయనమ్మే నవ్వుతుంది.

జియోక్యాషింగ్ అని ఒక ఆట ఉంది. ఎవరో ఒకరు చిన్న డబ్బాలో కాగితం పెట్టి ఊళ్ళో ఎక్కడో దాస్తారు. ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను యాప్‌లో పెడతారు. మిగతావాళ్ళు ఫోన్ పట్టుకుని బయలుదేరతారు. దొరికితే కాగితం మీద సంతకం చేసి, డబ్బాను ఎక్కడిదక్కడే పెట్టేసి, యాప్‌లో ‘దొరికింది’ అని రాస్తారు. దొరక్కపోతే ‘దొరకలేదు’ అని రాయాలి. ఈ రెండో మాట రాయడానికి కొంచెం గుండె కావాలి. బహుమతి మాత్రం రెండింటికీ లేదు.

మాది దబీర్‌పురా. తాతల నాటి నుంచి పాల వ్యాపారం. పొద్దున పాలు పోయించి, పగలంతా ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటాను. ఈ ఆట గురించి మా అమ్మకు చెప్పిన రోజు నాకింకా గుర్తుంది.

“ఎవలో దాస్తె నువ్వు ఎతుకుతవా?”

“అవునమ్మా.”

“దొరికినంక ఇంటికి తెస్తవా?”

“లే. మళ్ల ఆడ్నే పెడ్త.”

“మొన్న దూడ తాడు తెంపుకొని స్టేషన్ దిక్కు ఉరికితే మంచం దిగలే నువ్వు. గీ డబ్బాకైతే మలక్‌పేట దాంక నడుస్తవు.”

దూడకు అక్షాంశాలు ఉండవని వివరించాను. ఆ పూట నా కంచంలో పెరుగు పడలేదు.

ఈ పిచ్చి ఉన్నవాళ్ళం నగరంలో పదిహేను మందిమి ఉంటాం. ఆదివారం పొద్దున మలక్‌పేటలో ఒక ఇరానీ హోటల్లో కలుస్తాం. కలిసేది ఆట గురించి మాట్లాడుకోవడానికని బయట చెప్పుకుంటాం కానీ నిజానికి పోట్లాడుకోవడానికి. సంతకం చేస్తేనే దొరికినట్టా, డబ్బా ఫోటో తీస్తే సరిపోదా? ఆనవాలు తెలుసుకోవడానికి ఇంకొకరికి ఫోన్ చేయడం ఆటా, కాపీ కొట్టడమా? గోరంత డబ్బాలు దాచేవాళ్ళకు అసలు మనస్సాక్షి ఉంటుందా? ఏళ్ళుగా ఒక్కటీ తేలలేదు. తేలితే ఆదివారాలు ఏం చేసుకుంటామని తేల్చలేదేమో.

సంతకం పక్షానికి నాయకురాలు ఒక సర్కారు బడి లెక్కల టీచర్. అందరికీ అక్క. “పరీక్ష హాల్ ముంగట సెల్ఫీ దిగితే మార్కులేస్తరా?” అని ఒక్క ప్రశ్నతో ఫోటో పక్షాన్ని మూలకు తోసేది. నాది ఏ పక్షమూ కాదు. అందరినీ ఆటపట్టించడమే నా పని. ఎవరికైనా ఒక డబ్బా దొరక్కపోతే వారం పాటు వాళ్ళకు నా నుంచి విముక్తి ఉండేది కాదు.

పాతబస్తీలో మొట్టమొదటి పెట్టె దాచింది మా గుంపులోని పెద్దాయన. రైల్వేలో సిగ్నళ్ళ పని చేసి రిటైరయ్యారు. ఆదివారం చర్చి నుంచి నేరుగా ఇస్త్రీ చొక్కాతో హోటల్‌కు వచ్చేవారు. ఆయన పెట్టె పత్తర్‌గట్టిలో ఉంది. నెలకొకసారి మలక్‌పేట నుంచి బస్సెక్కి వెళ్ళి, దాన్ని తెరిచి, కొత్త సంతకాలు చదివి వచ్చేవారు. అవి మాకు వార్తల్లా చెప్పేవారు.

“ఈ నెల ఇద్దరొచ్చిన్రు. ఒగడు ఎడమచేతి వాటమోడు, సిరా అంత రాసుకపోయింది. ఇంకోడు నిలవడి రాసిండు. అక్షరాలు కింది దిక్కు జారినయ్.”

ఆ మనుషుల్ని ఆయన ఎన్నడూ చూడలేదు. అయినా చుట్టాలొచ్చి వెళ్ళినట్టు చెప్పేవారు. నేను నవ్వేవాడిని. ఆయనా నవ్వేవారు, కానీ వేరే కారణానికి.

ఆ పెట్టె ఒక్కటే నాకు దొరకలేదు. అది కూడా ఎవరికీ చెప్పలేదు. నా బతుకంతా ఇతరులకు దొరకని డబ్బాల మీదే నడుస్తోంది మరి.

ఒక శనివారం పంతం పట్టి వెళ్ళాను. పత్తర్‌గట్టి రాతి కమానుల మధ్య ఫోన్‌కు తిక్క రేగుతుంది. ఒకసారి రోడ్డు మధ్యలో నిలబడమంది, మరోసారి ముత్యాల దుకాణం లోపలికి పొమ్మంది. మెట్లు చూశాను, పైపులు తడిమాను, స్తంభాల సందుల్లో వేళ్ళు పెట్టాను. ఒక స్తంభానికి ఆనుకుని తాళాలు బాగుచేసే భాయ్ బల్ల ఉంది. పక్కనే ఇనుప జాలీ, దానికి వరసగా తుప్పు పట్టిన పాత తాళాలు వేలాడుతున్నాయి. వాటిని పక్కకు జరిపి వెనక కూడా చూశాను.

భాయ్ ఆకురాయి పట్టడం ఆపి, ఏం వెతుకుతున్నావని అడిగాడు. “క్యా ఢూండ్‌రే మియా?”

ఆట బయటివాళ్ళకు చెప్పకూడదు. “చెవి కమ్మ పడింది భాయ్.”

ఆయన నా రెండు చెవులనూ తీరిగ్గా పరిశీలించి, మళ్ళీ పనిలో పడ్డాడు.

గంటన్నర తర్వాత ఒక నిర్ణయానికొచ్చాను: పెట్టె పోయింది. నాకు దొరకలేదంటే అది లేనట్టే. అప్పుడు ఇది నాకు తర్కంలాగే కనిపించింది. పెట్టె పోయిందనిపిస్తే దాచినవాళ్ళకు కబురు పెట్టాలి, వాళ్ళే వచ్చి చూసుకోవాలి. అది పద్ధతి. కానీ ఆ వారమే పెద్దాయనకు మోకాలి ఆపరేషన్ అయింది. మంచం మీదున్న మనిషిని ఎందుకు ఇబ్బంది పెట్టడం? నేనే సాయం చేస్తానని నాకు నేను చెప్పుకున్నాను. నాలో అంత సేవాభావం అంతకు ముందూ లేదు, ఆ తర్వాతా రాలేదు.

మర్నాడు మాత్రల డబ్బాతో వెళ్ళాను. లోపల మా ఇంటి పాల కార్డును నిలువునా కత్తిరించి చుట్టిన కాగితం. దాని మీద మొదటి సంతకం నాదే. డబ్బాను రాతి మెట్టు కింది పగులులో దోపి, వెంటనే అక్కడి నుంచే తీసి చూసుకుని, యాప్‌లో ‘దొరికింది’ అని రాశాను. చట్టప్రకారం దొరికినట్టే.

తర్వాత అక్కడికి వెళ్ళినవాళ్ళు నాకు ఫోన్ చేసేవాళ్ళు. “మెట్టు కింద చూడుర్రి” అనేవాడిని పెద్దమనిషిలా. ఆరు నెలల్లో పన్నెండు మంది వెళ్ళారు. పన్నెండు మందికీ దొరికింది. అక్క కూడా వెళ్ళింది, నన్ను ఏమీ అడగకుండా తనే కనిపెట్టింది. యాప్‌లో ఒక్కొక్కరు ‘దొరికింది’ అని రాయగానే పెద్దాయన మంచం మీది నుంచే జవాబు పెట్టేవారు: ‘సంతోషం. లేచినంక మీ సంతకం చూస్త.’ పన్నెండు సార్లు అదే మాట. నాది కలిపితే పదమూడు.

లేచారు. కర్ర పట్టుకుని పత్తర్‌గట్టికి వెళ్ళారు. ఆయన పెట్టె ఆయన పెట్టిన చోటే ఉంది. తెరిచారు. ఆపరేషన్‌కు ముందు చదివిన సంతకమే చివరిది. దాని కింద ఖాళీ కాగితం.

ఆ సాయంత్రం యాప్‌లో పదమూడు ‘దొరికింది’లూ మాయమయ్యాయి. కాగితం మీద సంతకం లేకపోతే తీసేసే హక్కు దాచినవాళ్ళకు ఉంటుంది. మా గ్రూపులో లొల్లి మొదలైంది. అందరికంటే పెద్ద గొంతు అక్కది. “నాది తీసేసిండు! సంతకం, సంతకం అని మొత్తుకునేదాన్ని, నాది!”

ఆదివారం హోటల్లో కుర్చీలు చాలలేదు. పెద్దాయన కర్రను బల్లకు ఆనించి కూర్చున్నారు. ఎవరి మీదా అరవలేదు. అరిస్తే నాకు తేలిగ్గా ఉండేది.

“నేను ఆరు నెల్లు పండుకుంటి. ముసలోడు వచ్చి చూస్తడా అనుకున్నరు. రాకుండనే వచ్చినం అని రాసిన్రు. కానీయ్. నాకు కోపం లేదు. కని ఎవలు రాని కాడ నేను పెట్టె ఎందుకు పెట్టాలె? ఇయ్యాల తీసేస్త. యాప్‌ల బంద్ చేస్త.”

యాప్‌లో ఒకసారి బంద్ చేసిన పెట్టెను మళ్ళీ తెరవడం ఉండదు. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు.

“అంకుల్, నేను ఒట్టేసి చెప్తున్న, నేను పోయిన,” అంది అక్క.

“సంతకం ఏది బిడ్డా?”

ఫోటో పక్షం నాయకుడు, ఒక మెకానిక్ అన్న, సందు దొరికింది కదా అని కుర్చీ ముందుకు జరిపాడు. “గందుకే చెప్పిన. ఫోటో దిగుంటే గీ లొల్లి ఉండకపోవు.”

అక్క ముఖం ఎర్రబడింది. ఫోన్ తీసింది. చాలాసేపు వేలితో పైకి కిందికీ జరిపింది. చివరికి చాలా చిన్న గొంతుతో అంది: “దిగిన. ఒక్కటే.”

మెకానిక్ అన్నకు అది జన్మలో మరిచిపోలేని క్షణం. కానీ ఆయన్ను ఆనందించనివ్వలేదు ఎవరూ. ఫోన్ చేతులు మారుతూ పెద్దాయన దగ్గరకు చేరింది. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని చూశారు.

“గిది నా కాయితం గాదు. నాది మా ఆఫీసుల వాడే పచ్చ కాయితం. గీ మూలకు ఏందో బొమ్మ ఉన్నది. ఏందిది, చెట్టా?”

అందరూ వంగి చూశారు. ఒకరు చెట్టు అన్నారు, ఒకరు కొండ అన్నారు. నేను చూడక్కర్లేదు. మా పాల కార్డు మూలన ఒక బర్రె బొమ్మ అచ్చు వేయిస్తాం. నా కత్తెర దాన్ని సగానికి కోసింది. ఒక కొమ్ము, ఒక కన్ను మిగిలాయి. ఆ కన్ను సూటిగా నన్నే చూస్తోంది.

ఇలాంటప్పుడు నాకు జోకు వస్తుంది. ఎవరైనా ఏడ్చినా, ఏదైనా పగిలినా ముందు జోకే వస్తుంది. ఆ రోజు వెతికాను, రాలేదు. ఆయన తీసేసిన పదమూడింటిలో సరిగ్గా తీసింది ఒక్కటే, నాది. మిగతా పన్నెండు మంది ఎండలో వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, పేర్లు రాసి వచ్చారు. ఆయన ఎదురుచూసిన చుట్టాలు నిజంగానే వచ్చారు. నేను వాళ్ళందరినీ వేరే ఇంటికి పంపించాను. నోరు మూసుకుంటే ఆయన ఈ రోజే పెట్టె తీసేస్తారు. ఎవరూ రాలేదనే నమ్మకంతోనే ఉండిపోతారు.

“బర్రె మాదే,” అన్నాను.

“ఏం బర్రెరా?” అంది అక్క.

చెప్పాను. మొత్తం చెప్పాను, చెవి కమ్మతో సహా. పెద్దాయన ఒకే ఒక్క మాట అడిగారు: “పన్నెండు మంది వచ్చిన్రా?”

“వచ్చిన్రు అంకుల్.”

“పా మరి, చూద్దాం.”

మూడు ఆటోల్లో పత్తర్‌గట్టికి వెళ్ళాం. మెట్టు కింది డబ్బా తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన అక్కడే, జనం తోసుకుంటూ పోతుంటే, కర్ర చంకలో ఇరికించుకుని సంతకాలు చదవడం మొదలుపెట్టారు. తొందరపడలేదు. ఒక్కో పేరు దగ్గర ఆగారు. అక్కది చూసి, “టీచరమ్మవు, తేదీ కింద గీత గూడ కొట్టినవ్,” అన్నారు.

తాళాల భాయ్ ఆకురాయి కింద పెట్టాడు. “సాబ్, ఈ పోరడు రెండు దినాలు వచ్చిండు. ఒగ దినం వెతికిండు. ఇంకో దినం పెట్టిండు. నేను చూసిన.”

పెద్దాయన నోరు తెరిచారు. “మరి నాకు చెప్పలేదేంది భాయ్?”

“ఆప్‌హిచ్ బోలేనా సాబ్, కిసీకూ నక్కో బోలో బోల్‌కే. కసమ్ తిన్న.”

“ఎవలకు చెప్పకంటే నాకు గూడనా?”

“మీరు అడగలే కదా సాబ్.” నా వైపు చూపించాడు. “ఈయన అడిగితే గూడ నేను చెప్పకపోదు. ఈయన కమ్మ వెతుకుతుండె.”

పెద్దాయన నవ్వుతూ జాలీ దగ్గరకు వెళ్ళి, ఆ వరసలోంచి ఒక తుప్పు తాళం తీశారు. లోపలి సామానంతా తీసేసిన ఉత్తి డొల్ల. వెనక రేకు జరిపితే పచ్చ కాగితం. నేను వెతకడానికి అడ్డమని ఆ రోజు పక్కకు జరిపింది ఆ తాళాన్నే.

వెంటనే అక్కడే పోట్లాట మొదలైంది. ఆ పన్నెండూ చెల్లుతాయా? మెకానిక్ అన్న చెల్లుతాయన్నాడు, మనుషులు వచ్చారు కదా అని. చెల్లవని వాదించింది అక్క, తనది కూడా కలుపుకుని. “నేను సంతకం పెట్టింది ఆయన కాయితం మీద గాదు. రూల్ అంటే రూల్.” ఆమె మీద నాకు ఆ రోజు కలిగిన గౌరవం ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు. చెబితే ఏదో కొంటెతనం అనుకుంటుంది. అలా అనుకునేలా చేసుకున్నది నేనే.

పెద్దాయన ఇద్దరినీ చేత్తో ఆపారు. “వచ్చిన్రు. నాకు గంతే కావాలె. మళ్ల రాసుకోర్రి అందరు.” నా వైపు తిరిగారు. “నువ్వు తప్ప.”

ఇంటికెళ్ళి యాప్ తెరిచి, ఆ శనివారం తేదీ వేసి, ‘దొరకలేదు’ అని రాశాను. నా మొదటిది. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది: ‘సంతోషం.’ ఎగతాళా, ఆశీర్వాదమా అని ఆ రోజంతా ఆలోచించాను. ఆయన అలా ఎగతాళి చేసే మనిషి కాదు. అదే ఇబ్బంది.

ఆయన పెట్టెను బంద్ చేయలేదు. తాళాన్ని మాత్రం అదే వీధిలో వేరే చోటికి మార్చారు, అందుకే ఇదంతా ధైర్యంగా రాస్తున్నాను. ఎక్కడికో నాకు తెలియదు, వెతుకుతున్నాను. రెండు కాగితాలనూ కలిపి చుట్టి అందులోనే పెట్టారట. దాంతో సంతకానికని లోపల ఉంచే పెన్సిల్ ముక్కకు చోటు మిగల్లేదు. వెళ్ళేవాళ్ళు పెన్ను తీసుకుపోవాలి.