నేల లాగుడు చూసే ఇలింకా

రొమేనియాలోని ఆ ఉప్పుగనుల ఊళ్లో ఇలింకా రోజూ చేసేది ఒకటే పని. గురుత్వం కొలిచే యంత్రాన్ని నేలమీద పెట్టడం, అరిగిన మోకాళ్లతో దాని పక్కన కూలబడడం, ముల్లు కుదురుకునేదాకా కదలకుండా ఉండడం, లేవడానికి గోడ వెతుక్కోవడం. కొలతలు గని ఆఫీసుకే చెప్పాలి. ఊరివాళ్లు అడిగితే "ఇంకా చూడాలండీ" అని తప్పుకుంటుంది. మోకాళ్లకన్నా ఆ మాటే ఆమెను ఎక్కువ అలసిపోయేలా చేసింది.

ఆ ఉదయం పాంతెలిమోన్ అనే ముసలాయన పెరట్లో యంత్రం పెట్టింది. ఆయన రెండు కప్పుల కాఫీతో వచ్చాడు.

"ఏం తూస్తున్నావమ్మాయ్, నా కోళ్లనా?"

"నేల లాగుడు బాబాయ్. కింద రాయి నిండుగా ఉంటే గట్టిగా లాగుతుంది, గుల్లబారితే తగ్గుతుంది. గుల్ల ఎంత పెద్దదైతే, ఎంత పైకొస్తే అంత తగ్గుతుంది."

"మరి ఇక్కడో?"

కిందటేటికన్నా ముల్లు బాగా వాలిపోయింది. చోటు మార్చి వంటగది గోడ పక్కన పెడితే ఇంకా వాలింది. ఎప్పటి మాటే అనబోయి, తనకోసం చాచిన కప్పు చూసి ఆగిపోయింది.

"గుల్ల ఇంటికిందికి వచ్చేసింది బాబాయ్. ఎప్పుడైనా కుంగొచ్చు, ఇవాళే ఖాళీ చేసెయ్."

"వంటగదిలో పడుకుంటే?"

"అక్కడే మరీ పైకొచ్చింది."

ఆయన కప్పు ఆమె చేతిలో పెట్టాడు. "నాకు చెప్పినందుకు ఆఫీసువాళ్లు నిన్నేమీ అనరుగదా?"

"అననీ."

గేటు బయట నిలబడి కాఫీ తాగారు. ఆయన లోపలికెళ్లి పొయ్యి ఆర్పి, పరుపు చుట్ట బయటికి లాగి, అలవాటుకొద్దీ తలుపుకు తాళం వేశాడు. ఇలింకా వంగి, పరుపుకు ఒక కొస పట్టుకుంది.