పెన్న కలిసేచోట టేకు చేప

మొన్న ప్రొద్దుటూరులో చేపలంగడి ముందు ఆగాను. ఐసుగడ్డల మీద చాటంత వెడల్పున, బూడిదరంగులో, తోక లేని చేప ఒకటి పరిచి ఉంది. "దీని తోక యాడప్పా?" అన్నాను. "టేకు చేపమ్మా. ముల్లుంటాదని సముద్రం కాడ్నే నరికేస్తారు," అన్నాడు అంగడతను. పులుసు సంగతి మరిచిపోయి, ఏమీ కొనకుండానే ఇంటికొచ్చేశాను.

ఆ చేపను నాకు మొదట చూపించింది మా మేనమామ. జమ్మలమడుగు దగ్గర ఊరు ఆయనది. ఊళ్లో రెండు వర్గాలు, రెండు పార్టీలు. ఎదుటి వర్గం చంపడానికి తన పేరు అనుకుందని తెలిసి, మా పెన్నేరు పోయి సముద్రంలో కలిసేచోట, నెల్లూరు వైపు ఒక పల్లెకారుల ఊళ్లో తలదాచుకున్నాడు. నేనప్పుడు కాలేజీలో చదువుతున్నాను. అత్తకు తోడుగా వెళ్ళాను. పెన్నలో ఇసుకే తప్ప నీళ్లు పెద్దగా ఎరగని నాకు, ఏరూ సముద్రమూ ఒకదాన్నొకటి తోసుకునే ఆ చోటు చూస్తే ముచ్చటేసింది. లంగా ఎత్తిపట్టి దిగబోయాను. మామ రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు. మోకాలి లోతు నీళ్లలో, ఒళ్ళంతా ఇసుక కప్పుకుని, కళ్ళు మాత్రం పైకి పెట్టుకుని పడుకొని ఉంది టేకు. మామ పాదాలు ఎత్తకుండా ఈడ్చుకుంటూ అటు నడిచాడు. ఆ అలికిడికి ఇసుక లేచింది. రొట్టెలాంటి ఒంటిని అలలాడించుకుంటూ, కొరడాలాంటి తోకతో అది లోతుకు జారిపోయింది.

"సప్పుడు చేస్తే తప్పుకొని పోతాది పాపా. తొక్కితేనే పొడుస్తాది. మనూరోళ్లు తొక్కకున్నా పొడుస్తారు," అని నవ్వాడు. బాంబులు పట్టుకుని మనుషులు వెంట లేనిదే గడప దాటని మనిషి, అక్కడ ఒంటరిగా, పంచె ఎగ్గట్టి, రొయ్యల పులుసులో కారం చాల్లేదని గొణుక్కుంటూ బతుకుతున్నాడు. కాస్త ఒళ్ళు కూడా చేశాడు.

ఎన్నికల ముందు రెండు వర్గాల పెద్దలూ ఒకే పార్టీలో చేరారు. రాజీ అయింది, రమ్మని మామకు కబురొచ్చింది. అత్త మళ్ళీ నన్ను వెంటబెట్టుకుని ఆ పల్లెకు పోయి బతిమాలింది. "నువ్వు రాగాకు. నేనే ఈడికి వచ్చేస్తా. వలలు అల్లుకొనైనా బతుకుదాం."

"జెండా ఒకటైనాక ఇంగ పగ ఏముంటాదిమే? వాళ్ల పక్కన్నే కూచోని తింటా, సూడు," అన్నాడు మామ.

అన్నట్టే తిన్నాడు. వెంట ఎవరూ లేకుండా బజారుకూ చీనీ తోటకూ తిరిగాడు. ఊరు ఎంత నెమ్మదిగా ఉండేదంటే, అత్తకు అన్నం సయించేది కాదు. "కుక్కలు గూడా అరిసేది మానుకున్యాయి వదినా," అనేది మా అమ్మతో. ఓట్లు అయిపోయాక, పట్టపగలు, తోట దారిలో మామ బండి ఆపారు. ఆపినవాళ్లు రాజీ విందులో ఆయనకు కొసరి కొసరి వడ్డించినవాళ్లే.

అత్త ప్రొద్దుటూరు వచ్చేసింది. ఆ పెద్దల కొడుకులు ఇప్పుడు మళ్ళీ వేరువేరు జెండాలు పట్టుకుని ఓట్లకు వస్తారు. ఇద్దరూ ఆమెకు వంగి దండం పెడతారు. ముందుగదిలో మామ పటం ఉంది, నల్లటి జుట్టు, మెలితిప్పిన మీసం. పోయినసారి వాళ్ల వెంట వచ్చిన కార్యకర్త ఒకడు దాన్ని చూసి, "నీ కొడుకా అవ్వా?" అని అడిగాడు. అత్త కాదనలేదు. ఇంకొన్నేళ్లు పోతే, మనవడా అని అడుగుతారు కాబోలు.