పన్నెండు సెంటీమీటర్ల పాము

హాస్టలుకి వెళ్ళే ముందు మా అమ్మాయి నాకు ఒకే ఒక్క మాట చెప్పింది. కంప్యూటర్లో పేకాట ఆడుకో, ఏమన్నా చేసుకో, నా గేమ్ మాత్రం ముట్టుకోకు నాన్నా, దసరాకి వచ్చి ఆ పాము సంగతి నేనే చూస్తాను, అని. సరేనన్నాను. జూన్‌లో ఇచ్చిన మాట ఆగస్టు దాకా నిలబెట్టుకున్నాను.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి కొద్దికాలమే అయింది. మా ఊరు భీమవరానికి పది కిలోమీటర్ల అవతల. నేను రొయ్యల చెరువుల మీద మేత లెక్క చూసేవాణ్ణి. చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది. వల విసిరితే పడిన రొయ్యల్ని బట్టి చెరువు మొత్తంలో ఎన్ని బతికున్నాయో చెప్పడం, వాటి సగటు బరువు చూసి రేపటి మేత ఎన్ని కిలోలో తేల్చడం, ఇవన్నీ గట్ల మీద తిరుగుతూ నాకు నేనే నేర్చుకున్నవి. ఆ ఏడు తెల్లమచ్చ రోగం వచ్చి చుట్టుపక్కల చెరువులన్నీ ఎండబెట్టేశారు. లెక్క కట్టడానికి నీళ్ళలో ఏమీ లేదు. అసలు నీళ్ళే లేవు. పొద్దున్నే లేచి చొక్కా తొడుక్కుని, ఎక్కడికి వెళ్ళాలో తెలియక మళ్ళీ విప్పి కొక్కేనికి తగిలించేవాణ్ణి.

ఆ గేమ్ నాకు కొత్తది కాదు. అమ్మాయి పదో తరగతి పరీక్షలయ్యాక వేసవంతా ఇద్దరం కలిసే ఆడాం. ఆడింది తను, లెక్క రాసింది నేను. అందులో నలుగురు వీరులు ఉంటారు. కత్తి పట్టిన యోధుడు, విల్లు పట్టిన ఆవిడ, పిడుగులు కురిపించే ముసలి మాంత్రికుడు, గాయాలు మాన్పే వైద్యురాలు. ఒక్కొక్కరికీ ఒక్కో వంతు, ఆ తర్వాత శత్రువు వంతు. ఆ అయిదు వంతులూ కలిస్తే ఒక చుట్టు. వీరుల్లో ఎవరైనా చనిపోతే ఇక తిరిగి రారు. ప్రతి గుహ చివరా ఒక పెద్ద జంతువు కాపలా ఉంటుంది, దాన్ని అమ్మాయి బాస్ అనేది. ఎవరి దెబ్బ ఎంతో నోటుబుక్కులో రాసుకుని, ముందు ఎవరు కొట్టాలో నేను చెప్పేవాణ్ణి. "మంత్రిగారూ, ఏం సెలవు?" అని అడిగేది. ఆ వేసవిలో ఆరు బాసుల్ని చంపాం. మా నలుగురిలో ఒక్కరు కూడా పోలేదు.

జూన్‌లో రాజమండ్రిలో ఇంటర్ చేర్చాం. ఉదయం అయిదింటికి లేపి, రాత్రి దాకా చదివించే కాలేజీ. సెలవంటే దసరాకే. ఏడో బాస్ ఉన్న గుహ ముందు వీరుల్ని నిలబెట్టి, ఆట అక్కడ సేవ్ చేసి వెళ్ళింది. కావాలనే అలా మిగుల్చుకుంది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఊరికే తెరిచాను. లోపలికి ఒక్క అడుగు వేసి, పాము ఎలా ఉందో చూసి, ఆట సేవ్ చేయకుండా ఆపేద్దామనుకున్నాను. గుహలో అడుగుపెట్టగానే సేవ్ చేసుకునే రాతి దిమ్మ కనిపించింది. వేసవంతా "సేవ్ చేశావా, సేవ్ చేశావా" అని పిల్లని వేధించినవాణ్ణి నేనే. ముందుజాగ్రత్త నా వేళ్ళలో ఉంది. మీట నొక్కేశాను. ఆట సేవ్ చేసుకోవడానికి మూడు గళ్ళు ఉంటే, అమ్మాయి దాచుకున్న మొదటి గడి మీదే పడి, పాతది చెరిగిపోయింది. నొక్కాక ఏం చేశానో తెలిసి, వీరుల్ని వెనక్కి తిప్పాను. వాళ్ళ వెనక తలుపు మూసుకుపోయి ఉంది. పాము చస్తే తప్ప అది తెరుచుకోదు.

వేళ్ళతో గీస్తే ఆ గది ఇప్పటికీ గీయగలను. నాలుగు గోడలు, నాలుగు దివిటీలు, మధ్యలో ఒక మడుగు, మడుగులో చుట్టచుట్టుకున్న రాతిపాము. దాడి ముందు అమ్మాయి ఆటలోని ఊళ్ళోకి వెళ్ళి, అయిపోయిన మంత్రాలు తిరిగి తెచ్చే మందు సీసాలు ఇరవై కొనుక్కోవాలనుకుంది. ఇప్పుడు మా దగ్గర ఉన్నవి రెండు. ఊరు తలుపు అవతల.

ఆ ఆదివారం ఫోన్ వచ్చింది. వాళ్ళ కాలేజీలో వారానికి అయిదు నిమిషాలు ఇస్తారు, వెనక మిగతా పిల్లలు వరసలో నిలబడి ఉంటారు. ఫిజిక్స్ అర్థం కావట్లేదని, సాంబారు నీళ్ళలా ఉంటోందని చెప్పింది. క్లాసులో తల పగిలిపోతున్నప్పుడు రఫ్ బుక్కు వెనక ఆ పాముని గీసుకుంటోందట. ఎవరు ఎటు నిలబడాలో నాలుగు రకాలుగా ఆలోచించి పెట్టుకుందట.

"నా గేమ్ ముట్టుకోలేదు కదా?" అంది.

"లేదమ్మా."

"దసరా దాకా అలాగే ఉంచు నాన్నా. నాకు ఉన్నది అదొక్కటే."

ఫోన్ పెట్టేశాక కంప్యూటరు ముందు కూర్చున్నాను. దసరాకి ఏడు వారాలుంది. ఈలోగా పాముని చంపి, తలుపు తెరిపించి, నలుగురినీ ప్రాణాలతో బయటికి తెచ్చి, గుహ ముందు నిలబెట్టాలి. పామే లేకపోతే ఆమెకి మిగిలేదేమిటన్న ప్రశ్న అప్పుడు నాకు తట్టలేదు. ముందు వాళ్ళు బయటపడితే చాలనుకున్నాను.

మా వీరుల ప్రాణం అంకెల్లో కనిపిస్తుంది. పాము ప్రాణం కనిపించదు, దాని తల మీద ఒక ఎర్ర గీత ఉంటుంది, అంతే. అమ్మాయి జామెట్రీ బాక్సులోంచి స్కేలు తీసి తెర మీద పెట్టి కొలిచాను. సరిగ్గా పన్నెండు సెంటీమీటర్లు. యోధుడి దెబ్బ తొంభై, బాణం డెబ్భై, పిడుగు నూట ఇరవై. అయిదు చుట్లలో మొత్తం పధ్నాలుగు వందలు కొడితే గీత ఒకటీ ముప్పావు సెంటీమీటరు తగ్గింది. అంటే సెంటీమీటరుకి ఎనిమిది వందలు, మొత్తం తొమ్మిదివేల ఆరు వందలు. నీళ్ళలో ఉన్నదాన్ని చూడకుండా లెక్క కట్టడం నాకు అలవాటే. చాలా నెలల తర్వాత ఆ పని దొరికింది.

మా ఆవిడ కాఫీ తెచ్చి గుమ్మంలో ఆగిపోయింది. "పాముని చంపడానికి కర్ర తెస్తారు గానీ, స్కేలు తెచ్చారేంటండీ," అంది.

లెక్క కుదరలేదు. ప్రతి అయిదో చుట్టులో ఆ పాము మడుగులో నీళ్ళు తాగి పదమూడు వందల ప్రాణం తిరిగి తెచ్చుకుంటుంది. అయిదు చుట్లు కష్టపడితే మాకు మిగిలేది వంద. పైగా మాంత్రికుడి దగ్గర పది పిడుగులే ఉన్నాయి. అవి అయిపోతే అయిదు చుట్లకి మేం కొట్టేది ఎనిమిది వందలు, అది తాగేది పదమూడు వందలు. ఎంతసేపు కొట్టినా పాము పెరుగుతూనే ఉంటుంది.

కాబట్టి తాగకుండా ఆపాలి. నలుగురి దగ్గరా కలిపి పది విద్యలున్నాయి. ఒక విద్య మీద ఇంకో విద్య వేస్తే ఏమవుతుందో చూద్దామనుకున్నాను. ఏది ముందు, ఏది వెనక అన్నది కూడా ముఖ్యమే కాబట్టి తొంభై జతలు. రోజుకి అయిదారు చొప్పున పరీక్షించి గళ్ళలో రాసుకుంటూ పోయాను. చాలావాటికి సున్నా. మంచుబాణం తగిలాక నీళ్ళు పోస్తే ఏమీ కాదు. వైద్యురాలి నీటిమంత్రంతో పాము తడిశాక మంచుబాణం వేస్తే మాత్రం పాము గడ్డకట్టింది. ఆ చుట్టులో అది కదల్లేదు. గడ్డకట్టిన దాని మీద కత్తి దెబ్బ తొంభై కాదు, రెండు వందల డెబ్భై. నేను కుర్చీలోంచి లేచి వరండాలోకి వెళ్ళి వచ్చాను.

ప్రతి అయిదో చుట్టులో గడ్డకట్టిస్తే పాము తాగలేదు. నలభై నాలుగు చుట్లలో చావాలి. కాగితం మీద అంతే. కానీ వైద్యురాలి దగ్గర ముప్పై మూడు మంత్రాలే ఉన్నాయి. రెండు సీసాలూ తాగిస్తే ఇంకో ఆరు. ముప్పై తొమ్మిది. నలభయ్యో చుట్టులో నీళ్ళు పోయడానికి ఆమె చేతిలో ఏమీ ఉండేది కాదు. గీతలో సెంటీమీటరు పైచిలుకు మిగిలి ఉండగా పాము వంగి మడుగులో తాగేది. ఆ నీటిమంత్రం ఒక్కటి దాచి చూశాను. చివరి నాలుగు చుట్లు వైద్యం లేక ఎవరో ఒకరు కూలిపోయేవారు, ఎక్కువసార్లు వైద్యురాలే. వెంటనే ఆపేసి మొదటినుంచి మొదలుపెట్టేవాణ్ణి. మధ్యలో కరెంటు పోయినా మొదటినుంచే.

అలా ముప్పై ఒక్కసార్లు. ఆ గదిలో వాయిద్యం ఇరవై రెండు సెకన్లకోసారి మొదటికొస్తుంది. ఒకరోజు వంటింట్లో మా ఆవిడ కూనిరాగం తీస్తోంది, వింటే అదే. తనూ గమనించి ఆపేసింది. పిల్లకి ఫోన్లో చెప్పేయండి, ఈ గోల వదిలిపోతుంది అంది. వచ్చే ఆదివారం చెప్తానన్నాను. ఆదివారం అమ్మాయి అడగడం, నేను లేదమ్మా అనడం. అలా ఆరు ఆదివారాలు గడిచాయి. పగలంతా అవే దివిటీలు, అదే మడుగు. భోజనానికి లేస్తే కాళ్ళు ఆ గదిలోంచి లేచినట్టు ఉండేవి.

దసరా సెలవులకి భీమవరం బస్టాండులో దిగింది. చిక్కిపోయింది. బండి మీద వెనక కూర్చుని నా భుజం మీద చెయ్యి వేసింది. మొహం చూడక్కర్లేదు కదా అని, దారిలో చెప్పేశాను. తలుపు మూసుకుపోవడం, మొదటి గడి, ముప్పై ఒక్కసార్లు, అన్నీ. గాలికి సగం వినపడిందో లేదో అనుకున్నాను. భుజం మీద చెయ్యి తీసేసింది. ఇంటిదాకా మళ్ళీ వెయ్యలేదు.

ఆ రోజు నాతో మాట్లాడలేదు. స్నానం చేసి, అన్నం తిని, మర్నాడు పొద్దున తొమ్మిదింటి దాకా పడుకుంది. లేచాక నా నోటుబుక్కు పట్టుకుని కంప్యూటరు ముందు కూర్చుంది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. తొంభై జతల పట్టిక మీద వేలు పెట్టి చదువుతూ పోయింది. చివరి పేజీల్లో ఆగింది.

"పాము దెబ్బ ఎంత నాన్నా?"

తొంభై అన్నాను. ఎప్పుడైనా తోకతో కొడితే నూట ఎనభై.

"వైద్యం?"

"నూట యాభై."

"తొంభై దెబ్బకి నూట యాభై వైద్యం చేస్తే, అరవై ఎక్కడికి పోయింది?"

నాకు వెంటనే అందలేదు. దెబ్బ తగలగానే వైద్యం చేసి అందరినీ నిండుగా ఉంచడం తప్ప నేను ఇంకేమీ ఆలోచించలేదు. నిండాక తెర మీద అంకె ఆగిపోతుంది, మిగిలినది ఎక్కడా కనిపించదు.

"చెక్‌ట్రేలో మేత మిగిలితే నువ్వు ఊరుకుంటావా?" అంది.

మేత వేశాక చెరువులో చిన్న పళ్ళెం దించి, కాసేపటికి పైకి లాగి చూస్తాం. అందులో మేత మిగిలిందంటే అడుగున ఇంకెంతో మిగిలి నీళ్ళు పాడవుతున్నట్టు. అలా మిగిల్చినందుకు ఎంతమందిని గట్ల మీద నిలబెట్టి చివాట్లు పెట్టానో. వైద్యురాలి మంత్రాలు ముప్పై ఒక్కసార్లు నేలపాలు చేసినవాణ్ణి నేను.

"వాళ్ళు నిండుగా ఉండక్కర్లేదు," అంది తెర వైపు తిరిగి. "పడిపోకుండా ఉంటే చాలు. అలా ఉండొచ్చు. నాకు తెలుసు."

ఆ చివరి మాట తను ఎవరి గురించి అందో నేను అడగలేదు.

ఆట మొదలుపెట్టింది. నేను పక్కన స్టూలు వేసుకున్నాను. మాంత్రికుడి ప్రాణం రెండు వందల ఇరవై నుంచి నూట ముప్పైకి దిగింది. వైద్యం అన్నాను. ఆగు అంది. నలభైకి దిగాక అప్పుడు చేసింది. మొత్తం నూట యాభై పట్టింది, ఒక్కటి కూడా పొర్లిపోలేదు. అయిదో చుట్టులో నీళ్ళు, బాణం, కత్తి. పదో చుట్టులో మళ్ళీ. ముప్పై తొమ్మిదో చుట్టులో పాము తోక విసిరింది, వైద్యురాలి ప్రాణం రెండు వందల నుంచి ఇరవైకి పడింది.

"ఆమెకి చెయ్యమ్మా," అన్నాను.

"ఇప్పుడు నీళ్ళు పొయ్యాలి. గడ్డకడితే పాము ఎలాగూ కొట్టలేదు కదా."

పోసింది. పాము గడ్డకట్టింది. ఆ తర్వాతి చుట్టులో వైద్యురాలు తనకి తాను వైద్యం చేసుకుంది. నలభై నాలుగో చుట్టు మొదలయ్యేసరికి గీత ఒక మిల్లీమీటరు. బాణం తగిలాక అసలు కనిపించనే లేదు, ఇంకా పది ఉండాలని నా లెక్క. తర్వాత యోధుడు కత్తి ఎత్తాడు. పాము ముక్కలై మడుగులోకి జారింది. వాయిద్యం ఆగిపోయింది. వాళ్ళ వెనక తలుపు తెరుచుకుంది.

నలుగురూ ఉన్నారు, ఎవరూ నిండుగా లేరు. అమ్మాయి వాళ్ళని గుహ బయటికి నడిపించి, రెండో గడి తెరిచి అందులో సేవ్ చేసింది. సేవ్ అయిందా అని నన్నే అడిగింది. అయిందన్నాను. అప్పుడు కుర్చీలోంచి లేచి నన్ను కూర్చోమంది.

ఎందుకని అడిగాను.

"మొదటి గడి నీది. నువ్వే కదా లోపలికి వెళ్ళావు," అంది. "నువ్వే బయటికి రా."

మొదటి గడి తెరిచింది. అవే దివిటీలు, అదే మడుగు, అదే వాయిద్యం. తను స్టూలు మీదికి మారి మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంది. వంటింట్లోంచి మా ఆవిడ, మళ్ళీ మొదలెట్టారా అండీ, అంది. మొదటి చుట్టులోనే పాము యోధుణ్ణి కొట్టింది. నాలుగు వందల నుంచి మూడు వందల పది. నా చెయ్యి దానంతటదే వైద్యం మీట మీదికి వెళ్ళింది.

"అరవై," అంది అమ్మాయి.

చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ మూడు వందల పదిని అలాగే చూస్తూ కూర్చున్నాను.