తొమ్మిది ఇళ్లలో స్టేషన్ మెట్లు

ముందు పోయినవాటి లెక్క రాస్తాను. ఎనిమిది ఆదివారాల మధ్యాహ్నపు నిద్ర. ఎనిమిది సార్లు వేడి వేడి చేపల పులుసు. నేను ఇల్లు చేరేసరికి ముక్కలు పిల్లల కంచాల్లోకి వెళ్లిపోయి నాకు పులుసే మిగిలేది. చిన్నప్పటి కంపాస్ బాక్సులోని ఆరంగుళాల చెక్క స్కేలు ఒకటి. రైల్వే కాలనీ తెలుగువాళ్లలో లెక్క తప్పనివాడని నాకున్న పేరు. ఇక అన్నిటికంటే పెద్దది: తొమ్మిది ఇళ్లలో, ఇంటికి ముప్పై నాలుగు చొప్పున, మూడు వందల ఆరు చదరపు అడుగుల చోటు.

స్కేలు క్లాసులో పక్కన కూర్చున్నాయన పట్టుకెళ్లి తిరిగి ఇవ్వలేదు. మిగిలినవన్నీ నేను పోగొట్టినవే.

నేను ఇంజనీరుని కాను. మా నాన్న బిలాస్‌పూర్ లోకో షెడ్‌లో ఫిట్టరు. మెట్రిక్ తర్వాత నన్ను కలప డిపోలో గుమాస్తాగా పెట్టారు. దూలాలకి ఘనపుటడుగులు కట్టీ కట్టీ అంకెలంటే భయం పోయింది. పక్క క్వార్టర్‌లో రిటైరైన ట్రేసర్ ఒకాయన ఉండేవారు. సాయంత్రాలు ఆయన దగ్గర కూర్చుని ట్రేసింగ్ కాగితం మీద సిరాతో గీత గీయడం నేర్చుకున్నాను. ఆ రోజుల్లోనే రిటైరయ్యే రైల్వేవాళ్లు సర్కండా వైపూ మంగ్లా వైపూ ప్లాట్లు కొనడం మొదలైంది. వాళ్లకి నక్షా, అంటే ఇంటి ప్లాను, గీసేవాడు కావాలి. తెలుగులో పోట్లాడటానికి వీలుగా ఉండేవాడైతే ఇంకా మంచిది. అలా నాకు బేరాలు కుదిరాయి. చిన్న ఇళ్ల నక్షాల మీద సంతకం పెట్టడానికి నాలాంటి చదువులేనివాళ్లకి కూడా పట్టణ కార్యాలయం ఒక లైసెన్సు ఇచ్చేది.

తొంభైల మొదట్లో ఆ లైసెన్సు గడువు తీరింది. మళ్లీ కావాలంటే ఎనిమిది ఆదివారాలు క్లాసుకి రావాలని కాగితం వచ్చింది. ఎనభైల నుంచి ఇళ్లు గీస్తున్నవాణ్ని, నాకు క్లాసేమిటని వారం రోజులు అందరి దగ్గరా గొణిగాను. మా ఆవిడ మాత్రం కొత్త నోటుబుక్కు కొని అట్ట వేసి ఇచ్చింది.

అప్పుడు నా చేతిలో ఉన్న నక్షా ఒక్కటే. రిటైరైన రైలు గార్డు ఒకాయన, ఆయన భార్య. మాకు చుట్టాలేమీ కారు, కానీ మా తాతగారి ఊరి పక్క ఊరివాళ్లు కాబట్టి ఊహ తెలిసినప్పటి నుంచి బాబాయ్, పిన్ని. రాజ్‌కిశోర్ నగర్‌లో ముప్పై బై నలభై ప్లాటు. క్వార్టర్ ఖాళీ చేసే గడువు దగ్గర పడుతోంది. బాబాయ్ చాలా కోరికలు చెప్పారు. పిన్ని ఒక్కటే అడిగింది.

ముప్పై ఒక్క ఏళ్లు ఆవిడ క్వార్టర్ వంటగదిలో ఆవకాయ జాడీలు, ఎండు చేపల డబ్బా, దేవుడి పటం ఒకే గోడకి బతికాయి. డబ్బా మూత తీసే ముందు పటం మీద తువ్వాలు కప్పేది. మూత పెట్టి, చేతులు కడుక్కుని, తువ్వాలు తీసేది. ఒకసారి తువ్వాలు తీయడం మరిచిపోతే దేవుడు రెండు రోజులు చీకట్లో ఉన్నాడని బాబాయ్ అందరికీ చెప్పేవారు. ఆ జాడీలకీ డబ్బాకీ వేరే గది కావాలి. చిన్నదైనా చాలు, తలుపుండాలి.

"ఏటి బాబూ, ఇన్ని గదులు గీసినావు. నాకొక్క గూడు గియ్యలేవా?"

నేను కాగితం తీసి ఆవిడ ముందే గదులు, గోడలు, వరండా, మెట్లు అన్నీ కూడి చూపించాను. అంగుళం మిగల్లేదు. ఆవిడ కాగితం వైపు చూడలేదు, నా వైపు చూసింది. "సర్లే, నీ లెక్క తప్పదు కదా" అని లేచి టీ పెట్టడానికి వెళ్లింది. ఇంకొకరైతే గొడవ పెట్టుకునేవారు. ఆవిడ నమ్మింది.

క్లాసు ఒక బడిలో. బల్లలు ఏడో తరగతి పిల్లలవి, మేము పంతొమ్మిది మందిమి, ముప్పై ఎనిమిది మోకాళ్లలో ఒక్కటీ బల్ల కిందికి పోలేదు. పాఠం చెప్పేది ఇరవై ఐదు దాటని ఇంజనీరమ్మాయి. హిందీలో చెప్పేది, చేతులు పెద్దగా ఊపేది కాదు. హాజరు పట్టీలో మేము రైల్వే ఇళ్లవాళ్లం వచ్చిన నిమిషం, వెళ్లిన నిమిషం కూడా రాశాం, డ్యూటీ ఎక్కి దిగినట్టు. ఆ అమ్మాయి పట్టీ చూసి, ఓవర్‌టైం మాత్రం ఇవ్వలేనంది.

మొదటి ఆదివారమే నేను పేరు సంపాదించాను. బోర్డు మీద మూడు మీటర్లంటే తొమ్మిది అడుగుల తొమ్మిది అంగుళాలని రాసింది. నేను లేచి, పది అంగుళాలూ ఇంకొంచెమూ అన్నాను. ఆమె వేళ్ల మీద చూసుకుని, దిద్ది, ధన్యవాదాలు చెప్పింది. అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆ రోజు లాల్‌ఖదాన్‌లో మా ఇంటి దాకా సైకిలు తొక్కిన గుర్తు లేదు. తర్వాతి వారాల్లో పడమటి ఎండ, గోడల చెమ్మ, కిటికీల ఎత్తు చెప్పింది. అన్నీ రాసుకున్నాను, కానీ తెలిసిన దారిలో వెళ్తూ బోర్డులు చదివినట్టు రాసుకున్నాను.

ఐదో వారం ఇంటి పని ఇచ్చింది. ఎవరింటి మెట్లు వాళ్లు కొలుచుకు రావాలి. మా ఆవిడ టేపు చివర పట్టుకుని పై మెట్టు మీద నిలబడింది.

"ఏటండీ, మీరు గీసిన మెట్లే కదా. రాత్రికి రాత్రి పెరిగినాయేటి?"

ఆరో ఆదివారం ఒక్కొక్కరూ బోర్డు మీద కొలతలు రాశారు. మెట్టు ఎత్తు ఏడు అంగుళాలని ఒకరు, ఏడున్నర అని ఒకరు, పాదం పెట్టే చోటు పది అని చాలామంది. నా వంతు వచ్చింది. ఎత్తు ఆరు, పాదానికి పన్నెండు, వెడల్పు నాలుగు అడుగులు. నేల నుంచి డాబా మీదికి పదిన్నర అడుగులు, అంటే ఇరవై ఒక్కసారి కాలు పైకి ఎత్తాలి. మధ్యలో ఆగడానికి నాలుగు బై నాలుగు చోటు. మొత్తం తిన్నగా ఇరవై మూడు అడుగుల పొడవు, తొంభై రెండు చదరపు అడుగులు. అందంగా రాసి, కింద రెండు గీతలు కొట్టి, పక్కకి జరిగాను.

ఆ అమ్మాయి అంకెలు ఒక్కొక్కటీ సరిచూసింది.

"అంకుల్‌జీ, లెక్కలో తప్పేం లేదు. ఈ కొలతలు ఎక్కడివి?"

నిజం చెప్పాను. మేము పెరిగిన క్వార్టర్లకి మెట్లు లేవు. నాకు తెలిసిన మెట్లంటే స్టేషన్ వంతెన మెట్లే. నాన్నకి క్యారియర్ పట్టుకెళ్తూ వాటి మీద కూర్చుని కొలిచేవాణ్ని. కంపాస్ బాక్సు స్కేలు నిలబెడితే మెట్టుకి సరిగ్గా అంతే ఎత్తు. పడుకోబెడితే రెండు స్కేళ్లు పట్టేది. అంత కచ్చితంగా కుదిరిన కొలత ఇంకెక్కడా కనబడలేదు. మెట్లంటే ఇలాగే ఉండాలని అప్పుడే అనుకున్నాను. పెద్దయ్యాక ఇళ్లకి గీసేటప్పుడు మళ్లీ ఆలోచించాల్సిన పని రాలేదు. వెడల్పు మాత్రం దయతలచి తగ్గించాను.

"మీ ఇంటికి రోజూ ఎన్ని బండ్లు వస్తాయి?" అంది.

క్లాసంతా నవ్వింది. నేను నాలుగోవాణ్నో ఐదోవాణ్నో నవ్వాను. నవ్వు ఆగాక ఆమె నెమ్మదిగా చెప్పింది: వంతెన మెట్లు సామానుతో దిగే జనం కోసం, ఇంట్లో నలుగురే ఎక్కుతారు, బియ్యం బస్తా ఎక్కితే ఏడాదికొకసారి. ఎత్తు ఏడు, పాదానికి పది, వెడల్పు మూడు అడుగులు పెట్టి, సగంలో వెనక్కి తిప్పమంది. సుద్దముక్క నా చేతికిచ్చి నన్నే కట్టమంది. రెండు వరసలు పక్కపక్కన కాబట్టి వెడల్పు ఆరు అడుగులు, పొడవు తొమ్మిది అడుగుల ఎనిమిది అంగుళాలు. యాభై ఎనిమిది. తొంభై రెండులోంచి యాభై ఎనిమిది తీస్తే ముప్పై నాలుగు.

ముప్పై నాలుగు అంటే ఐదడుగుల వెడల్పు, ఏడడుగులకి రెండున్నర అంగుళాలు తక్కువ పొడవు ఉన్న గది. తలుపు పెట్టొచ్చు. రెండు వైపులా అరలు వేయొచ్చు. సుద్దముక్క చేతిలోనే ఉంది, నాకు తువ్వాలు కప్పిన దేవుడి పటం కనబడింది.

మర్నాడు పొద్దున్నే బాబాయ్ వాళ్ల ఇంటి శంకుస్థాపన. పునాది తవ్వడం కూడా అప్పుడే మొదలు. నేను గీసిన నక్షా చూసి తాపీ మిస్త్రీ ఆ మధ్యాహ్నమే సున్నంతో ముగ్గు పోసి ఉంటాడు. క్లాసు నుంచి ఇంటికి వెళ్లకుండా అర్పా నది వంతెన దాటాను. దారంతా ఒకటే బేరం నాలో నేను. మిస్త్రీ మీదికి నెట్టొచ్చు. కొత్త రూలు వచ్చిందని చెప్పొచ్చు. ఇవాళే కొత్తగా తట్టిందని గొప్ప కూడా పోవచ్చు. పిన్ని నమ్ముతుంది, అదే ఇబ్బంది.

ప్లాటు దగ్గర ఇద్దరూ ఉన్నారు. బాబాయ్ సున్నం గీతల మధ్య, నా ఇరవై మూడు అడుగుల మెట్లు రాబోయే చోట, చేతులు వెనక్కి కట్టుకుని ప్లాట్‌ఫాం మీద నడిచినట్టు నడుస్తున్నారు. పిన్ని ఇటుకల మీద కూర్చుంది.

"పిన్నీ, నీ గదికి చోటుంది" అన్నాను.

"ఎక్కడుంది?"

"మెట్లలో. మెట్లకి చోటు ఎక్కువ పెట్టేశాను."

ఆవిడ గీతల వైపు చూసి, మళ్లీ నా వైపు చూసింది. "అయితే లెక్క తప్పినావా?"

"లెక్క తప్పలేదు పిన్నీ, కొలత…"

"అవేటో నాకు తెల్దు. తప్పినావా, నేదా?"

"తప్పాను."

"అచ్ఛా" అంది. తర్వాత స్టేషన్ వంతెన సంగతంతా చెప్పించుకుంది. నడుం పట్టుకుని నవ్వింది. బాబాయ్‌కి మాత్రం నవ్వు రాలేదు. మెట్లు బాగానే ఉన్నాయనీ, తన డ్యూటీ పెట్టె కూడా పట్టేంత వెడల్పున్నాయని ముచ్చట పడ్డాననీ చెప్పారు.

"పెట్టె రైల్వేకి అప్పసెప్పేసినావు కదా, ఇంకేటి మోస్తావు? ముప్పయ్యేళ్లు ఆ వంతెన దిగి నా కాడికి వచ్చినావు. ఇంక ఇంట్లో కూడా అదే ఎక్కుతావా?"

నేను చెప్పుతో సున్నం గీతలు చెరిపాను. బాబాయ్ పురికొస పట్టుకున్నారు, పిన్ని మేకులు అందించింది. దీపాలు పెట్టే వేళకి కొత్త మెట్లూ, వాటి పక్కన పిన్ని గదీ నేల మీదికి వచ్చాయి. ఆవిడ ఆ గీతల మధ్య నిలబడి, ఇటు చెయ్యి చాచి, అటు చెయ్యి చాచి చూసుకుంది. తలుపు రాబోయే చోటు నుంచే బయటికి వచ్చింది, గీత తొక్కకుండా.

నేను సైకిలు తీస్తుంటే అడిగింది. "మరి ఇంతకు ముందు ఇవే మెట్లు గీసిన ఆ తొమ్మిదిళ్ల సంగతేటి?"

అక్కడితో ఆగితే నేనీ లెక్క రాసేవాణ్ని కాదు. మిగిలిన రెండు ఆదివారాలు పూర్తి చేశాను, లైసెన్సు వచ్చింది, బాబాయ్ ఇల్లు లేచింది. పిన్ని మాత్రం గృహప్రవేశంలో వచ్చినవాళ్లందరికీ ముందు ఆ గదే చూపించి, వంతెన కథ చెప్పి, నన్ను పిలిచి నిలబెట్టింది. తొమ్మిదిళ్లవాళ్లలో ఆరిళ్లవాళ్లు అక్కడే ఉన్నారు. ఒక్కో ఇంటికీ ముప్పై నాలుగు అడుగులు నేను బాకీ అని ఆవిడే తీర్పు చెప్పింది.

టేపు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. నా పాత మెట్ల కింద, ఎత్తుగా ఉన్న వైపు ఎనిమిదిన్నర అడుగులు మూసి తలుపు పెడితే, నాలుగడుగుల వెడల్పుకి సరిగ్గా ముప్పై నాలుగు వస్తుంది. కొత్త చోటేమీ కాదు, ఊరికే పడి ఉన్నదే. అయినా పిన్ని దాన్ని జమ కింద ఒప్పుకుంది. నాలుగిళ్లవాళ్లు కట్టించుకున్నారు. ఒకరి స్కూటరు ఆ చోటు ఖాళీ చేయనంది. ఇంకొకరింట్లో సాయంత్రాలు ఆడవాళ్లంతా ఆ వెడల్పాటి మెట్ల మీద కూర్చుని బఠాణీలు వలుస్తారు; మా మెట్ల జోలికి రావద్దని పంపేశారు. మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దాయన, ఆరంగుళాల మెట్టు గీసినందుకు నాకు దండం పెట్టారు. ఒక ఇల్లు చేతులు మారింది, కొన్నవాళ్లకి నేనెవరో తెలియదు. వద్దన్నవాళ్లని లెక్కలోంచి కొట్టేయొచ్చా అని పిన్నిని అడిగాను. వాళ్ల మంచితనం వాళ్లది, నీ బాకీ నీది అంది.

మిగిలిన ఐదింట్లో ఐదో ఇల్లు నాదే. రేపు రేపంటూ ఆరేళ్లు అయింది. మా ఆవిడ ఉల్లిపాయల బుట్ట ఇప్పటికీ మంచం కిందే ఉంది. ఊడ్చేటప్పుడు దాన్ని బయటికి లాగిన ప్రతిసారీ, లైసెన్సు ఫ్రేము కట్టి వేలాడదీసిన గోడ వైపు ఒకసారి చూస్తుంది. మూడు వందల ఆరులో నాలుగిళ్ల నూట ముప్పై ఆరు పోను, మా ఇంటిదీ కలుపుకుని, ఈ రోజుకి నా వల్ల ఇంకా రావలసినది నూట డెబ్బై చదరపు అడుగులు.