కరెంటు పోతే తలుపెవరు తీస్తారు?

2013 ఏప్రిల్‌లో నన్ను నాగపూర్ నుంచి రాయపూర్ బ్రాంచికి సర్వీస్ ఇన్‌చార్జిగా వేశారు. గేట్లకు, షట్టర్లకు, ఇళ్ళలో కారు గది తలుపులకు మోటార్లు అమర్చడం మా కంపెనీ పని. ఇన్‌చార్జి అంటే హోదా ఘనంగా వినిపిస్తుంది గాని, కింద ఇద్దరు ఫిట్టర్లు, పైన ఒక మేనేజరు, మధ్యన నేను. ఏ ఇంటికి ఏ రకం మోటారు సరిపోతుందో తేల్చి సంతకం పెట్టేది మాత్రం నేనే. ఆ ఊరు వెళ్ళిన రెండో నెలలోనే ఆ సంతకం ఒకటి తప్పు పెట్టాను.

మా పనికి మొదటి మెట్టు సర్వే షీటు. తలుపు కొలతలు, బరువు, తలుపుకీ సీలింగుకీ మధ్య జాగా, పక్క గోడ దగ్గర జాగా, కరెంటు పాయింటు, అన్నీ అందులో రాయాలి. రకం వాటిని బట్టి తేలుతుంది. చుట్టుకునే ఇనుప షట్టరయితే పక్కన బిగించి గొలుసుతో తిప్పే మోటారు, లేదంటే ఇరుసులోనే ఇమిడిపోయే గొట్టం మోటారు. పలకలుగా మడతపడి సీలింగు కిందకి జారే తలుపయితే దాన్ని పైన కడ్డీ వెంట లాగే మోటారు. అందులో గొలుసుది గట్టిదే గాని ఇల్లంతా లేపుతుంది, బెల్టుది చప్పుడు చెయ్యదు. పైన జాగా లేకపోతే గోడకి బిగించే రకం ఉంది. ఇదంతా నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. వచ్చు అన్న ధీమాయే కొంప ముంచింది.

ఊళ్ళోనే ఉన్న దేవేంద్ర నగర్ నుంచి అప్పలనాయుడు గారు ఫోన్ చేశారు. ఉక్కు కర్మాగారంలో రోలింగ్ మిల్లు ఫోర్‌మన్‌గా చేసి రిటైరయిన మనిషి. వాళ్ళది బొబ్బిలి వైపు, మాది విజయనగరం. రోజంతా హిందీతో నెట్టుకొచ్చే ఊళ్ళో మన జిల్లా మాట చెవిన పడితే ప్రాణం లేచొస్తుంది. సర్వేకని వెళ్ళినవాణ్ణి గంటసేపు టీ తాగుతూ పైడితల్లి పండగ గురించి మాట్లాడుతూ కూర్చున్నాను.

షట్టరు ఆయన స్వయంగా చేసుకున్నది. రేకు పద్దెనిమిది గేజి. గేజి అంకె తగ్గే కొద్దీ రేకు దళసరి. ఇళ్ళకి మామూలుగా వాడేది ఇంతకన్నా పలచన. కింద ఇనుప కోణం కూడా అదనంగా వెల్డింగు చేశారు.

"బజార్లో అమ్మేవి అప్పడాలు బాబూ. దీన్ని ఏనుగొచ్చి గుద్దినా ఏటీ అవదు. ఏకదమ్ మజ్బూత్!" అని అరచేత్తో చరిచారు. ఇనుముతో బతికినవాళ్ళకి రేకు మందమే పరువు. ఆ ఊళ్ళో అలాంటి తలుపులు చాలా చూశాను.

ఆయన కూతురు హేమలత అక్కడే చక్రాల కుర్చీలో ఉంది. ఇరవయ్యారేళ్ళుంటాయి. పంతొమ్మిదో ఏట రోడ్డు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిపోయింది. ఇంటి ముందు అయిదు మెట్లు, వెనక దారి లేదు. ఇంట్లోంచి వాలుగా దిగే కారు గది నేల ఒక్కటే రోడ్డుకి సమంగా ఉంది, పక్క చక్రాలు పెట్టించిన ఆమె స్కూటరు అందులోనే ఉంటుంది. ఊళ్ళోనే తెలీబంధాలో ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో డ్రాయింగులు గీసే ఉద్యోగం వచ్చింది. జూన్‌లో మొదటి సోమవారం చేరాలి. అంతవరకూ ఆమె ఎక్కడికి వెళ్ళాలన్నా తండ్రే షట్టరు ఎత్తేవారు. ఆ ఏడాది ఆయన నడుము పట్టేసి, అది కూడా కుదరకుండా పోయింది. మోటారు కావాల్సింది అందుకు.

"సర్, కరెంటు పోతే?" అని ఆమె ఒక్క ప్రశ్న అడిగింది.

తండ్రి నవ్వేశారు. "మన ఛత్తీస్‌గఢ్‌లో బిజిలీ ఎక్కడ పోతాదే! పక్క రాష్ట్రాలకి మనమే ఇస్తన్నాం."

నేనూ నవ్వి, "బొత్తాం నొక్కడమేనమ్మా, అంతే," అన్నాను. షీటులో విద్యుత్ అంతరాయం అన్న గడిలో 'లేదు' అని రాశాను. తలుపు వాడే మనిషితో విడిగా మాట్లాడాలని మా నిబంధన. ఆ మనిషి పేరు రాసే గడిలో తండ్రి పేరు రాసి, ఆయన చేతే సంతకం పెట్టించాను. బరువు చూసి, మా దగ్గరున్న వాటిలో బలమైన పక్క మోటారు ఖాయం చేశాను. కరెంటు లేనప్పుడు తిప్పడానికి దానికి ఒక చేతి గొలుసు వేలాడుతుంది. అది చాలనుకున్నాను.

మే మూడో వారంలో అప్పగింత. పనయ్యాక తలుపు పదిసార్లు ఎత్తి దించి చూపించి, అప్పుడు కాగితం ఇవ్వాలి. హేమలత స్కూటరెక్కి లోపలే కూర్చుని రిమోటు నొక్కుతోంది. ఏడోసారి షట్టరు కిందికి దిగింది. అంతలో ఆంధీ లేచింది. మే నెలలో అక్కడ సాయంత్రాలు వచ్చే దుమ్ము గాలివాన అది. రోడ్డు మీద ఏదో కొమ్మ విరిగిన చప్పుడు, వెంటనే కరెంటు పోయింది. ముగ్గురం చీకట్లో ఉండిపోయాం.

నేను టార్చి వెలిగించి, ఏమాత్రం తొణక్కుండా చేతి గొలుసు గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆమె అంతా విని, "గొలుసు ఆ మూల ఉంది. నేనీ బండి మీదున్నాను. నా చెయ్యి అక్కడికెలా వస్తుంది సర్?" అంది.

తండ్రి గొలుసు వైపు కదిలారు.

"నువ్వాగు నాన్నా! నువ్వే లాగితే ఇంక మోటారెందుకు?" అని కసిరి, నా వైపు తిరిగింది. "సర్, మీరు నా కుర్చీలో కూర్చుని తీసి చూపించండి. కాళ్ళు కింద పెట్టకూడదు."

నా సర్వీసులో ఏ కస్టమరూ నన్నిలా అడగలేదు. ఒళ్ళు మండిపోయింది. చూపిద్దాం, అదెంత, అనుకుని కూర్చున్నాను. దారిలో గ్యాస్ సిలిండరు అడ్డం. దాన్ని కాలితో నెట్టబోతే, "కాలు సర్, కాలు!" అంది. ఎలాగో మూలకి చేరి, బ్రేకు వేసి, చేతులు పైకెత్తి లాగడం మొదలుపెట్టాను. ఆ దళసరి రేకు లాగిన ప్రతిసారీ రెండు వేళ్ళ మందం లేచేది. మోకాలెత్తుకి వచ్చేసరికి నా భుజాలు పడిపోయాయి, చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఆమె నవ్వలేదు. నవ్వితే బాగుండును.

"ఆఫీసు ఉన్న రోజు ఇలా అయితే నేను ఆఫీసుకి ఫోన్ చేసి రాలేనని చెప్పాలి. రెండుసార్లు చెబితే మూడోసారి వాళ్ళే రావద్దంటారు. నాకొచ్చిన మొదటి ఉద్యోగం సర్ ఇది," అంది.

కోపం అప్పుడే చల్లారి దాని చోట సిగ్గు వచ్చింది. ఆ ప్రశ్న ఆమె నన్ను మొదటి రోజే అడిగింది. నేను జిల్లా ముచ్చట్లలో పడి దాన్ని కొట్టిపారేశాను. అప్పగింత కాగితం చింపేశాను. మర్నాడు మేనేజరుకు ఫోన్ చేసి సర్వే తప్పని, ఆ తప్పు నా పేరు మీదే రాసుకోమని చెప్పాను. ఆయన కాసేపు కేకలేసి, చివరికి మార్చమన్నాడు.

మార్చాల్సింది మోటారొక్కటే అయితే బాగుండేది. ఆ బరువుకి ఏ మోటారు పెట్టినా కరెంటు లేనప్పుడు కథ మొదటికే వస్తుంది. షట్టరు తీసేసి, తేలికపాటి పలకల తలుపు పెట్టాలి. అప్పలనాయుడు గారితో ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. చివరికి అనేశాను.

"నా చేతుల్తో చేసినాను బాబూ. రేపు దొంగ గునపం పెడితే?" అని లోపలికి వెళ్ళిపోయారు. రెండ్రోజులు ఫోన్ ఎత్తలేదు.

మూడో రోజు ఆయనే రమ్మన్నారు. వెళ్ళేసరికి నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, గ్యాస్ కట్టరుతో షట్టరు జారే పక్క ఛానెళ్ళు కోసేస్తున్నారు. నడుము పట్టీ కట్టుకునే ఉన్నారు. కట్టరు ఆపి, "ఇన్నేళ్ళూ ఒక్క దొంగా ఇటు రాలేదు. ఇది ఆపింది మా గుంటని, నా కూతుర్నే," అన్నారు. మళ్ళీ అద్దాలు పెట్టుకున్నారు.

కొత్త తలుపుకి బరువు మోసేది స్ప్రింగులు. అవి సరిగ్గా బిగిస్తే, మోటారు విడదీసి తలుపుని సగంలో వదిలినా అక్కడే నిలబడాలి. మా పరీక్ష అదే. నిలబడింది. దానికి చిన్న బెల్టు మోటారు, కరెంటు పోతే బ్యాటరీతో పనిచేసేది, సరిపోయింది. బ్యాటరీ కూడా అయిపోతే తలుపుని మోటారు నుంచి విడదీసే ఎర్ర తాడు ఒకటి ఉంటుంది. అది మామూలుగా నిలబడ్డ మనిషి చేతికి అందేలా కడతాం. హేమలత స్కూటరు మీద కూర్చుని తన చెయ్యి ఎక్కడిదాకా వస్తుందో కొలుచుకుని, అంగుళాలతో సహా గీసిచ్చింది. ఆ గీత ప్రకారం తాడు పొడిగించాం, తలుపు లోపల అదే ఎత్తులో పిడి బిగించాం. అడ్డం ఏదైనా వస్తే తలుపుని ఆపే సెన్సరు చీలమండ ఎత్తున ఒకటే పెడతారు. స్కూటరు సీటు ఎత్తున ఇంకొకటి పెట్టించాను. ఆఖరికి మెయిన్ ఆపేసి, బ్యాటరీ వైరు కూడా పీకేసి, కానీయమ్మా అన్నాను. తాడు లాగి, పిడి పట్టుకుని, ఒంటి చేత్తో తలుపెత్తేసింది. ఈసారి అప్పగింత కాగితం మీద ఆమె సంతకమే తీసుకున్నాను.

జూన్ మొదటి సోమవారం పొద్దున్న ఎనిమిదిన్నరకి అప్పలనాయుడు గారు మోవాలో మా ఇంటికి వచ్చేశారు. ఏమండీ ఇలా వచ్చారు, ఈవేళ అమ్మాయి ఆఫీసు కదా అన్నాను. "ఇంట్లో ఉంటే నా చెయ్యి ఊరుకోదు బాబూ," అన్నారు. వరండాలో కుర్చీ వేశాను. టీ ఇచ్చాను, తాగలేదు. తొమ్మిదింటికి దేవేంద్ర నగర్‌లో ఉన్న మా ఫిట్టరు ఏదో పని మీద ఫోన్ చేసి, మాటల్లో అక్కడ కరెంటు లేదన్నాడు. ఆ మాట నేను ఆయనకు చెప్పలేదు. నా ముఖం చూసి ఆయనే కనిపెట్టేశారు. లేచి చెప్పులేసుకున్నారు. కూర్చోమన్నాను. కూర్చున్నారు గాని చెప్పులు విప్పలేదు.

పావు తక్కువ పదికి ఆయన ఫోన్ మోగింది. కంగారులో స్పీకరు బొత్తాం నొక్కారో ఏమో, మా ఇద్దరికీ వినబడింది.

"కరెంటు లేదు నాన్నా. తలుపు తీసుకున్నాను, బయటికొచ్చి వేసుకున్నాను. ఆఫీసులో ఉన్నాను. నువ్వేం చేస్తున్నావు?"

"ఏటీ లేదమ్మా, మూర్తిగారింట్లో టీ తాగుతన్నాను," అని, చల్లారిన టీ గటగటా తాగేశారు.

ఆ వారమే మా బ్రాంచి సర్వే షీటులో కొలతల గడులను కిందికి జరిపి, పైన రెండు ప్రశ్నలు చేర్చాను. కరెంటు లేనప్పుడు ఈ తలుపు ఎవరు తీస్తారు? నిలబడి తీస్తారా, కూర్చుని తీస్తారా? 2019లో రిటైరయ్యేదాకా ఆ రెంటికీ జవాబు రాయకుండా నా ఫిట్టర్లను టేపు బయటికి తీయనివ్వలేదు. మోటారు రకం తలుపుని చూసి తేల్చేది కాదు. దాన్ని తీసే చేతిని ముందు చూడాలి, ఆ చెయ్యి ఎవరిదో వాళ్ళనే అడగాలి.