తండ్రి రొమ్ము మీద తొమ్మిది వందల గ్రాములు

లారీల షెడ్డులో ఆయన్ని అందరూ పానా అనే పిలుస్తారు. జేబులో పానా లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు మరి. ఇంజను కింద పడుకున్నప్పుడు జాకీ జారినా కంగారుపడని మనిషి. అంతటి మొనగాడికి ఇప్పుడు తొమ్మిది వందల గ్రాముల కూతుర్ని చూస్తే ముచ్చెమటలు పడుతున్నాయి.

ఆరు నెలలు నిండీ నిండకుండానే పుట్టేసింది పాప. పదకొండు రోజులుగా ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంది. తల్లికి ఆపరేషన్ తర్వాత జ్వరం తగ్గలేదు, పై అంతస్తు దిగనివ్వడం లేదు. డాక్టర్లు చెప్పినట్టు ఒంటి వేడి తగిలేలా బిడ్డని ఆనించుకోవాలంటే ఇక తండ్రే దిక్కు.

నిన్న ఆ ముచ్చటా బెడిసికొట్టింది. గ్రీజు వదలాలని, షెడ్డులో అలవాటు కొద్దీ చేతులు పెట్రోలుతో కడుక్కుని వచ్చాడు. ఆ తర్వాత ఎంత సబ్బు రుద్దినా వాసన వదల్లేదు. పెట్టెలోకి చెయ్యి పెట్టాడో లేదో పాప మొహం తిప్పేసింది, వేళ్లు విచ్చుకుని బిగుసుకుపోయింది. పాప ఊపిరినీ గుండెనీ కనిపెట్టే మెషిన్ గోల పెట్టింది. నర్సు గబుక్కున ఆయన చెయ్యి బయటికి లాగింది.

"పెట్రోలా అన్నా? ఇంత పిల్ల తట్టుకోలేదు. రేపు షెడ్డుకి పోకుండా రా."

అప్పట్నుంచి ఆయనకి ముద్ద దిగలేదు. తన చెయ్యే బిడ్డ ఉసురు తీస్తుందేమోనని ఒకటే భయం.

ఇవాళ స్నానం చేసి వచ్చి, చొక్కా విప్పి వాలుకుర్చీలో కూర్చున్నాడు. నర్సు గొట్టాలూ తీగలతో సహా పాపని తెచ్చి ఆయన రొమ్ము మీద బోర్లా పడుకోబెట్టి, దుప్పటి కప్పింది.

"ఒక చెయ్యి తల మీద, ఒకటి కాళ్ల దగ్గర. నిమరకు, ఊరికే ఆనించు."

ఆనించాడు. రొమ్ము కదిలితే పాప ఎక్కడ జారుతుందోనని ఊపిరి బిగబట్టాడు.

"నువ్వు గాలి పీల్చుకో అన్నా, మాకు ఇంకో పేషెంటు వద్దు."

అయిదు నిమిషాలు కాలేదు, రొమ్ముకి తెలుస్తున్న పాప చిన్న కదలిక ఆగిపోయింది. మెషిన్ మోగింది. ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి.

"సిస్టర్! తీసేయండి, తీసేయండి!"

"ఊపిరి తీసుకోవడం మర్చిపోయింది. నెలలు నిండని పిల్లలు ఇలా చేస్తుంటారు. అరికాలు వేలితో రుద్దు. నువ్వే రుద్దు."

దుప్పటి కింద వేలు అరికాలికి జరిపాడు. రుద్దాడు. ఏమీ లేదు. మళ్లీ రుద్దాడు. పాప ఉలిక్కిపడింది, పక్కటెముకలు కదిలాయి. మెషిన్ ఊరుకుంది.

నర్సు చేతులు చాచింది. "భయమేసిందా? పెట్టెలో పడుకోబెట్టేయనా?"

కళ్లు తుడుచుకుందామంటే ఆయనకి చెయ్యి ఖాళీ లేదు.

"చచ్చేంత భయంగా ఉంది సిస్టర్. మళ్లీ ఆగుతుందా?"

"ఆగొచ్చు."

"అయితే ఇక్కడే ఉండనివ్వండి."