అక్క ఇంటిమీది నీళ్ల ట్యాంకు

విమానాశ్రయాలకు లైసెన్సులిచ్చే ప్రభుత్వ ఆఫీసులో ఆమెకు ఇరవై రెండేళ్ల సర్వీసు. రన్‌వే మీది పగుళ్లు, దీపాలు, కంచె, చుట్టుపక్కల కట్టడాల ఎత్తు అన్నీ స్వయంగా చూసి ఆమె సంతకం పెడితేనే లైసెన్సు గడువు పెరిగేది. నోటిమాట నమ్మదు, కొలిచి చూస్తుంది. అందుకని వెనకాల అందరూ టేపు మేడం అనేవారు. ఆ పేరు చెవినపడితే, "ఇంకా నయం, బెత్తం మేడం అనలేదు" అని నవ్వి ఊరుకునేది.

ఆమె పుట్టిపెరిగిన ఊళ్లోనూ ఒక చిన్న విమానాశ్రయం ఉంది. అక్కడి తనిఖీకి ఎప్పుడూ వెళ్లే అధికారి కాలు విరగ్గొట్టుకోవడంతో ఆ ఏడాది ఆమె వెళ్లాల్సి వచ్చింది. మొదటి రోజు ఉదయం రన్‌వే చివర ముక్కాలి పీట మీద పరికరం నిలబెట్టి సర్వేయరు ఒక్కొక్క కట్టడం ఎత్తూ చూస్తున్నాడు.

"మేడం, ఇదొకటి కొత్తగా లేచింది. పోయినసారి జాబితాలో లేదు. నీలం ట్యాంకు."

ఆమె వంగి చూసింది. ట్యాంకు కింద ఆకుపచ్చ పిట్టగోడ, దాని వెంట పూలకుండీలు. అది ఆమె సొంత అక్క ఇల్లు.

"మళ్లీ చూడు" అంది. మూడుసార్లు చూసినా లెక్క మారలేదు. ఉండాల్సినదానికన్నా మీటరున్నర ఎక్కువ.

వెంటనే పై అధికారికి ఫోన్ చేసింది. "సార్, ఆ ఇల్లు మా అక్కది. ఈ ఒక్కటి నా చేతిలో ఉండకూడదు. వేరేవాళ్లని పంపండి."

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు కదమ్మా."

"అందుకే చెప్తున్నా సార్."

రెండో రోజు ఇంకో అధికారి వచ్చి కొలిచాడు. ఆయన లెక్కలో ఎత్తు మరో మూడు సెంటీమీటర్లు పెరిగింది.

నోటీసు చేరకముందే తన నోటితో చెప్పాలని ఆ మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్లింది. అంతా విని అక్క మొహం మాడ్చుకుంది.

"ఇన్నాళ్లకి మన ఊరొచ్చావని మురిసిపోయాను. నా కొంప మీదకే వచ్చావన్నమాట!"

"కొంప మీదకి కాదక్కా, ట్యాంకు మీదకి."

"పై గదిలో నీళ్లు సన్నగా వస్తున్నాయని నెత్తీనోరూ కొట్టుకుంటే ఇప్పటికి మీ బావ ఎత్తు చేయించారు. ఆర్నెల్లయింది. ఏ విమానమైనా వచ్చి గుద్దిందా?"

"గుద్దాక కొలిచి ఏం చేస్తాం?"

బావ డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. లేచి వెళ్లి స్కేలు, పెన్సిలు, తెల్లకాగితం తెచ్చుకున్నాడు.

"గీసి చూద్దాం, చెప్పమ్మా."

"రన్‌వే దగ్గర్నుంచి యాభై అడుగులు ఇవతలికి వస్తే ఒక అడుగు పైకి. అలా ఒక వాలు గీత ఉందనుకోండి బావా. ఆ గీత దాటి ఏదీ పైకి రాకూడదు. దిగే విమానం దాని పైనుంచి వస్తుంది."

ఆయన ఓపిగ్గా గీశాడు. నేల, ఇల్లు, ట్యాంకు. పెన్సిలు గీత ట్యాంకు నడుముకు తగిలి ఆగింది. స్కేలు పెట్టి ఇంకోసారి సరిచూశాడు.

"మామూలు రోజున బోలెడంత పైనుంచి పోతాయి కదమ్మా?"

"పోతాయి. వాన కొడుతూ ఏమీ కనపడని రోజున, ఒక ఇంజను కూడా ఆగిపోయిందనుకోండి. ఆ ఒక్క రోజు కోసమే ఈ గీత."

"దించేద్దాం" అన్నాడు బావ. అక్క విసురుగా లోపలికి వెళ్లిపోయింది.

ట్యాంకు దిగేదాకా విమానాలు రన్‌వే మీద మరికాస్త ముందుకొచ్చి దిగాలని ఉత్తర్వు వచ్చింది. అలా రన్‌వే పొడవు తగ్గడంతో ఊరికొచ్చే పెద్ద విమానం మూడు వారాలు రావడం మానేసింది. ఊళ్లో జనం ఎవరిని తిట్టాలో తెలియక అందర్నీ తిట్టారు. బావ మేస్త్రీని పిలిపించి ట్యాంకును మెట్లగది పక్కకు దింపించి, నీళ్లు జోరుగా రావడానికి చిన్న మోటారు పెట్టించాడు. విమానాశ్రయం లైసెన్సు గడువు పెరిగింది.

అక్క మాత్రం ఫోన్ చేయలేదు. చెల్లెలు రెండుసార్లు చేసినా బావే ఎత్తి, "బయటికెళ్లిందమ్మా" అన్నాడు. వెనక గిన్నెల చప్పుడు వినిపిస్తూనే ఉంది. చేసిన పని తప్పని ఆమెకు ఒక్కనాడూ అనిపించలేదు. అయినా ఆదివారాలు ఏమీ తోచేది కాదు. వారంవారం అక్కతో గంటసేపు మాట్లాడే అలవాటు ఆమెది.

నాలుగు నెలల తర్వాత ఒక పొద్దున ఆఫీసుకు బయల్దేరుతుంటే ఫోన్ మోగింది.

"నీ పుణ్యమా అని పెట్టించిన మోటారు చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది" అంది అక్క, పలకరింపు కూడా లేకుండా.

"కింద దళసరి రబ్బరు ముక్క వేయించక్కా. తగ్గుతుంది."

"మీ బావకి అవన్నీ ఎక్కడ తెలుసు? నువ్వే వచ్చి చూడు."

ఫోన్ చెవిన పెట్టుకునే, చెప్పులేసుకున్న కాళ్లతోనే ఆమె మళ్లీ లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంది. ఆ రోజు ఆఫీసుకు ముప్పావుగంట ఆలస్యమైంది.